చక్రానికి తూకం: పాత బండ్లు, కొత్త రహదారి

కృష్ణా పడమటి డెల్టాలో చక్రం చాలాకాలం నిదానంగానే తిరిగినది. ఎద్దుబండికి ఇరుసు గట్టిదై, సీల ఊడకుండా ఉండి, ఇనుప పట్టా బిగువుగా ఉండి, వేళకు కందెన పడితే చాలును. ఆ చక్రం ఒక ప్రక్క బరువుగా ఉన్నదా, రెండవ ప్రక్క తేలికగా ఉన్నదా అని వడ్రంగిని అడిగినవారు లేరు. అడుగవలసిన పని కూడ లేదు. గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడిచే బండిలో ఆ లోపం ఉన్నా తెలియదు. తరువాత కాలువగట్ల మీదికి బస్సులు, జీపులు, అంబాసిడర్లు వచ్చినవి. అయినను తెనాలి నుండి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె పోయే దారిలో మలుపులు, రైల్వే గేట్లు, గేదెల మందలు, కోతల కాలంలో రోడ్డు మీదనే ఆరబోసిన ధాన్యం, ఇన్నిటి నడుమ ఏ డ్రైవరు మాత్రం 40 కిలోమీటర్ల వేగాన్ని ఎంతసేపు నిలుపగలడు?

ఆ పరిస్థితి మారినది. కత్తిపూడి నుండి ఒంగోలు దాకా తీరం వెంట పోయే 216వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నం మీదుగా వచ్చి, పెనుమూడి–పులిగడ్డ వంతెన మీద కృష్ణను దాటి, రేపల్లె, చెరుకుపల్లి, కర్లపాలెం, బాపట్ల, చీరాల మీదుగా సాగుతున్నది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా కేంద్రమైనది. రేపల్లె ఆ జిల్లాలో చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. కావున రేపల్లె ప్రాంతం వారు జిల్లా కచేరీ పనులకు ఈ రహదారి మీదనే బాపట్లకు పోవలసి వస్తున్నది. వెడల్పు చేసిన దారి కనుక పాత బండి సైతం 80 కిలోమీటర్ల వేగాన్ని అందుకొంటున్నది. బండి పాతది, చక్రం పాతది, వేగం మాత్రం కొత్తది. నలభైలో నోరెత్తని లోపం ఎనభైలో ఎందుకు కేకలు పెడుతుందో మా విద్యార్థి మిత్రులకు వివరించుటకే మేము ఈ వ్యాసాన్ని వ్రాస్తున్నాము.

ముందుగా ఇంటివద్ద చేయదగిన ఒక చిన్న పరీక్షను చెప్పెదము. సైకిలును తలక్రిందులుగా నిలిపి ముందు చక్రాన్ని మెల్లగా త్రిప్పి వదలండి. బేరింగు శుభ్రంగా ఉన్న చక్రమైతే ఆగబోయే ముందు కొంచెం వెనుకకు, కొంచెం ముందుకు ఊగి, ప్రతిసారీ ఒకే భాగం అడుగుకు వచ్చేటట్లు నిలుస్తుంది. చాలా సైకిళ్లలో ఆ భాగం గాలికొట్టే వాల్వు ఉన్న చోటే. వాల్వు బరువు కొన్ని గ్రాములే. అయినను భూమ్యాకర్షణ దానిని వెదకి క్రిందికి తెచ్చినది. దానికి సరిగా ఎదురుగా, పై అంచున, చిటికెడు బంకమట్టి అంటించి మరల త్రిప్పండి. మట్టి సరిపోయిన క్షణాన చక్రం ఎక్కడ వదలితే అక్కడే నిలుస్తుంది. తూకం కుదిరినదనుటకు ఇదియే గుర్తు. మెకానిక్ షెడ్లలో వీల్ బ్యాలెన్సింగ్ అనబడే విద్యకు మొదటి పాఠం ఇంతే.

మరి కొన్ని గ్రాముల కొరకు ఇంత ఆర్భాటమెందుకు? ఇక్కడనే లెక్క చూడవలెను. తిరిగే వస్తువు మీది బరువు కేంద్రం నుండి బయటకు లాగుతూ ఉంటుంది. ఆ లాగుడు బరువును బట్టి, కేంద్రం నుండి దాని దూరాన్ని బట్టి పెరుగుతుంది. తిరిగే వేగాన్ని బట్టి మాత్రం వర్గానుపాతంలో పెరుగుతుంది. అనగా వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లు. అంబాసిడరు కారునే తీసికొందాము. దాని రిమ్ము 15 అంగుళాలది. టైరు నేలను తాకే చోటికి కేంద్రం నుండి దూరం సుమారు 32 సెంటీమీటర్లు. రిమ్ము అంచున ఒకచోట 30 గ్రాములు ఎక్కువ ఉన్నవనుకొందాము. 40 కిలోమీటర్ల వేగంలో ఆ 30 గ్రాములు సుమారు 700 గ్రాముల బలంతో బయటకు లాగును. 60లో ఒకటిన్నర కిలో. 80లో దాదాపు 2 కిలోల 800 గ్రాములు. 100 దాకా పోనిస్తే నాలుగు కిలోలు దాటును. ఎనభైలో ఆ చక్రం సెకనుకు 11 మార్లు తిరుగుతున్నది. అంటే మూడు కిలోలకు కొంచెం తక్కువ బలం ఇరుసును సెకనుకు 11 మార్లు పైకి, 11 మార్లు క్రిందికి, అంతే వేగంతో ముందుకూ వెనుకకూ గుంజుతున్నదని అర్థం. బాపట్ల నుండి రేపల్లె చేరేలోపల అట్టి గుంజుళ్లు ఎన్నివేలో విద్యార్థులే లెక్కకట్టుకొనవచ్చును.

చిన్న చక్రమైతే ఇంకొక విశేషం. మూడు చక్రాల ఆటోకు వేసే 8 అంగుళాల రిమ్ము చక్రం 40 కిలోమీటర్లలోనే సెకనుకు దాదాపు 9 మార్లు తిరుగుతుంది. ఆటో నెమ్మదిగా పోతున్నదని ప్రయాణికుడు అనుకొంటాడు. చక్రం మాత్రం అట్లు అనుకొనదు.

ఇక డ్రైవర్లలో ప్రబలంగా ఉన్న ఒక అలవాటును గురించి చెప్పవలసి ఉన్నది. "డెబ్బైలో స్టీరింగు వణుకుతుంది, తొంభై దాటిస్తే పోతుంది" అని వారు అంటారు. ఆ మాటలో గమనిక నిజమే, తీర్పు తప్పు. ఊయలను దాని వేళకు అనుగుణంగా నెట్టితే కొద్దిపాటి బలానికే పెద్దగా ఊగుతుంది. వేళ తప్పించి తొందరతొందరగా నెట్టితే అంతగా ఊగదు. కారు చక్రమూ, దానిని మోసే స్ప్రింగూ, టైరులోని గాలీ కలిసి ఒక ఊయల వంటివే. వాటి సహజమైన ఊపు సాధారణంగా సెకనుకు 10 నుండి 15 మార్లు ఉంటుంది. బరువు తప్పిన చక్రం ఇంచుమించు అదే వేళకు గుంజినపుడు వణుకు శిఖరానికి చేరుతుంది. ఆ వేగాన్ని దాటించినపుడు వేళ తప్పుటచేత చేతికి తెలిసే వణుకు తగ్గును. కాని లాగుడు తగ్గలేదు. వర్గానుపాతం ప్రకారం అది ఇంకను పెరిగినది. ఆ దెబ్బ ఇప్పుడు డ్రైవరు చేతికి కాక బేరింగుకు, బాల్ జాయింటుకు, టై రాడ్డుకు, నట్లకు తగులుతున్నది. రోగి మూలుగు ఆపినాడని వైద్యుడు వెళ్లిపోయినట్లున్నది ఈ పద్ధతి. పైగా వణుకును తప్పించుకొనుటకు పాత బండిని దాని బ్రేకులు ఆపగలిగినదానికంటె వేగంగా నడపడం మరొక ప్రమాదం. పెళ్లివారితోనో, పరీక్ష వ్రాయబోయే పిల్లలతోనో నిండిన బండిలో ఈ అలవాటు ఎంతమాత్రం క్షమింపదగినది కాదని మా అభిప్రాయం.

పాత బండ్లకే ఈ బాధ ఎందుకు అధికం? అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది. ఫియట్ అని అందరూ పిలిచే ప్రీమియర్ పద్మిని అంతకు పూర్వమే ఆగినది. మిగిలినవాటికి ముప్పై, నలభై ఏండ్ల వయస్సు. ఆనాటి చక్రాలకు ట్యూబు ఉన్నది. ట్యూబు మడతపడినా, దానికి పంక్చరు అతుకులు నాలుగైదు ఒకేవైపు పడినా బరువు తప్పును. టైరు చిరిగినచోట లోపల వేసే గేటరు ముక్క ఒక్కటే చాలును. వంద గ్రాముల గేటరు వేయించుకొని, బయట ఏమియు కనిపించడం లేదు గదా అని తృప్తిపడి, ఆ టైరునే ముందు చక్రానికి బిగించి రహదారి ఎక్కేవారు ఉన్నారు. రీట్రేడింగు చేయించిన టైరు మీద కొత్త రబ్బరు అంతటా సమంగా పరచుకొనకపోయినను ఇదే ఫలితం. గేటరు టైరునైనా, రీట్రేడు టైరునైనా ముందు చక్రాలకు వేయరాదు.

మా ప్రాంతానికి ప్రత్యేకమైన కారణాలు మూడు ఉన్నవి. మొదటిది నల్లరేగడి బురద. వానకాలంలో పొలం గట్టు ఎక్కి దిగిన బండి చక్రం లోపలివైపున, రిమ్ము గుంటలో, ఈ బురద ముద్దకట్టి ఎండి రాయివలె అవుతుంది. బయటినుండి చూచువారికి చక్రం శుభ్రంగానే కనిపించును. నిన్న వణకని బండి నేడు వణికినదంటే బ్యాలెన్సింగు షాపుకు పోకముందే ఒక బకెట్టు నీరు, ఒక పుల్ల తీసికొని చక్రాల లోపలివైపు కడిగి చూడవలెను. రూపాయి ఖర్చు లేని చికిత్స ఇది. చాలాసార్లు ఇదే పూర్తి చికిత్స కూడ. రెండవది సముద్రపు గాలి. సూర్యలంక వైపు తిరిగే బండ్ల రిమ్ములకు, టైరు అంచు కూర్చునే చోట, తుప్పు పొరలు పొరలుగా లేచి టైరును సమంగా కూర్చోనీయదు. మూడవది కంప్రెసరులో చేరే నీరు. మన తేమగాలిని కుదించినపుడు ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. దానిని రోజూ తీసివేయని షాపులో గాలితోపాటు నీరు కూడ చక్రంలోనికి పోవును. చక్రం తిరుగుతున్నంతసేపు లోపల చెదరి, ఆగినపుడు అడుగుకు చేరే ఆ నీటికి ఏ తూనికరాయితోనూ తూకం కుదర్చలేము. ట్యూబు లేని టైరైతే విప్పి తుడువవలసినదే.

వీటికితోడు నెలల తరబడి కదలక నిలిచిన బండి సంగతి వేరు. నైలాను దారంతో చేసిన పాతకాలపు టైరు ఒకేచోట నిలిచి నేలకు ఆనిన భాగంలో చదునవుతుంది. ఒక రాత్రి నిలిచినది కొన్ని కిలోమీటర్లు నడిచి వేడెక్కగానే సర్దుకొనును. నెలలు నిలిచినది అంత సులభంగా సర్దుకొనదు.

సైకిలు పరీక్షలో మనం చూచినది ఒక రకపు లోపమే. ఒక భాగం బరువై చక్రం పైకి క్రిందికి ఎగురుట అందలి లక్షణం. దీనిని స్థిర తూకం తప్పుట అనవచ్చును. రెండవ రకం ఇంతకంటె గడుసుది. చక్రం లోపలి అంచున ఒకచోట బరువు ఎక్కువై, సరిగా దానికి ఎదురుగా బయటి అంచున అంతే బరువు ఎక్కువైనదనుకొందాము. నిలిపి చూస్తే రెండూ సమానం. చక్రం ఎక్కడ వదలితే అక్కడే నిలుచును. పరుగెత్తగానే రెండు బరువులూ వేరువేరు అంచులను బయటకు లాగి చక్రాన్ని కుడియెడమలకు విదలించును. స్టీరింగు చేతిలో అటునిటు కొట్టుకొనుటకు ఇది ముఖ్యమైన కారణం. జీపు వంటి బండ్లలో ముందు చక్రాలు రెండూ ఒకే గట్టి ఇరుసుకు ఉండుటచేత ఒకదాని విదలింపు రెండవదానికి పాకుతుంది. చక్రం ఎంత వెడల్పో ఈ లోపానికి అంత చోటు. పద్మినికి వేసిన 5.20 అంగుళాల సన్నని టైరు కాలంలో స్థిర తూకం ఒక్కటి చూచుకొని చాలమంది నెట్టుకొని వచ్చినారంటే అందుకు కారణం ఆ సన్నదనమే. అదే బండికి ఇప్పుడు వెడల్పు రిమ్ములు, వెడల్పు టైర్లు వేసినవారు పాత ఉస్తాద్‌ల పద్ధతి చాలునని అనుకొనరాదు.

ఉస్తాద్ అను మాట వచ్చినది గనుక ఒక చిన్నమాట. మా ప్రాంతపు షెడ్లలో భాషాభేదం కనిపించదు. పానా, హవా, చక్కా అనే ఉర్దూ మాటలు తెలుగువారి నోట, ఇరుసు, కందెన అనే తెలుగు మాటలు ఉర్దూవారి నోట సహజంగా పలుకును. తూకానికి వాడే లోహాన్ని తెలుగువారు సీసమన్నా, ఉర్దూవారు సీసా అన్నా ఒకటే. రెండు భాషల విద్యార్థులు చదివే మా కళాశాలలో ఈ విద్యకు పాఠ్యపుస్తకం లేకున్నా పదకోశం మాత్రం సిద్ధంగా ఉన్నది.

తూకం బరువులు నయం చేయలేనివి కొన్ని ఉన్నవి. వాటిని తెలియక డబ్బు పోగొట్టుకొనేవారే ఎక్కువ. రిమ్ము సొట్టపడినా, టైరు గుండ్రదనం తప్పినా యంత్రం మీద సున్నా గ్రాములు చూపించవచ్చును. రోడ్డు మీద మాత్రం బండి ఎగురుతూనే ఉండును. కోడిగ్రుడ్డు ఎంత సరిగా తూగినా బంతివలె దొర్లదు గదా. దీనికి పరీక్ష సులభం. చక్రాన్ని జాకీ మీద లేపి, బండి కదలకుండా మిగిలిన చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, ఒక పుల్లను నేలమీద ఆనించి టైరు ముఖానికి అతి దగ్గరగా నిలిపి చక్రాన్ని చేతితో త్రిప్పవలెను. నడుమ సందు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి మారితే ముందు రిమ్మునో, టైరునో బాగుచేయించవలెను. అదే జాకీ మీద చక్రాన్ని పైనా క్రిందా పట్టి ఊపి చూడవలెను. ఆపైన కుడి ఎడమలు పట్టి ఊపవలెను. లొటలొట అనిపిస్తే బేరింగో, బాల్ జాయింటో, టై రాడ్డు చివరో అరిగినదన్నమాట. అరిగిన జాయింటుతో ఉన్న బండికి బ్యాలెన్సింగు చేయిస్తే కొంతకాలం వణుకు తగ్గును. ఆ తగ్గుదలే అపాయకరం. జాయింటు బాగున్నదనే భ్రమను కలిగించును.

అరుగుదలను చూచి కూడ కొంత చెప్పవచ్చును. టైరు ఒక అంచున మాత్రమే అరిగితే అది అలైన్‌మెంటు దోషం. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. నడుమ అరిగితే గాలి ఎక్కువ. అక్కడక్కడ గుంటలుగా అరిగితే తూకమో, షాక్ అబ్జార్బరో తప్పినది. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు రెండూ ఒకటే అనుకొని ఒకదానికి డబ్బిచ్చి రెండవదాని ఫలితం కోరేవారిని మేము అనేకులను చూచినాము.

షాపులోని యంత్రం వద్ద నిలిచి చూడవలసిన విషయాలు కొన్ని. పాత బరువులన్నిటినీ పీకివేసి, చక్రం కడిగిన తరువాతనే యంత్రానికి ఎక్కించవలెను. రిమ్ము వ్యాసం, వెడల్పు, యంత్రం నుండి దూరం, ఈ మూడు అంకెలు సరిగా ఇవ్వకపోతే అది చూపే గ్రాములన్నీ అబద్ధమే. అన్నిటికంటె ముఖ్యమైనది చక్రాన్ని కేంద్రంలో కూర్చోబెట్టుట. ఈనాటి యంత్రాలు చక్రం నడిమి రంధ్రంలో శంకువును దూర్చి బిగించును. కొన్ని పాత చక్రాలను బండి మీద కేంద్రంలో నిలిపేది నడిమి రంధ్రం కాదు, చుట్టూ ఉన్న నట్ల ఏటవాలు. అట్టి చక్రానికి నడిమి రంధ్రం తుప్పుపట్టో, వంకరపోయో ఉంటే యంత్రం తప్పుడు కేంద్రం చుట్టూ తూకం చేయును. దీనిని పట్టుకొనుటకు ఒక ఉపాయం: తూకం పూర్తయి సున్నా వచ్చిన తరువాత చక్రాన్ని విప్పి, సగం చుట్టు త్రిప్పి, మరల బిగించి త్రిప్పించవలెను. మరల సున్నాకు దగ్గరగా వస్తే మంచిది. పది గ్రాములకు మించి తేడా వస్తే చక్రం సరిగా కూర్చోలేదు. పని చేయువారు విసుగుకొనవచ్చును. మర్యాదగా, నవ్వుతూ అడిగితే చేస్తారు.

టైరు వయస్సును కూడ చదువుట నేర్చుకొనవలెను. 2000 సంవత్సరం నుండి టైరు ప్రక్కగోడ మీది సంకేతంలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెప్పును. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారం. మూడే అంకెలు ఉన్నవంటే ఆ టైరు గత శతాబ్దిది. దానికి తూకం వేయించుటకంటె విప్పి పారవేయుట మేలు. పాత రకపు టైరునూ రేడియల్ టైరునూ ఒకే ఇరుసుకు వేయరాదు. ఒక జతే రేడియల్ అయితే అది వెనుకకు పోవలెను.

కళాశాల సంఘం పెద్దలకు ఒక మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వలయ చలనాన్ని మనం నల్లబల్ల మీదనే బోధిస్తున్నాము. ఒక పాత సైకిలు చక్రం, దానిని నిలుపుటకు ఒక ఇనుప చట్రం, గ్రాములు తూచే చిన్న త్రాసు సమకూర్చితే ఈ పాఠం విద్యార్థి చేతికి వచ్చును. మెకానిక్ పనిని వంశపారంపర్యంగా చేసే ఇళ్ల నుండి వచ్చిన పిల్లలకు తమ తండ్రుల విద్యలో ఉన్న గణితం కనిపించును. ఆ పనితో సంబంధం లేని పిల్లలకు ఆ పని చేసేవారి తెలివి కనిపించును.

చివరకు చేతులను గురించి. రిమ్ము అంచున తగిలించే బరువులు చాలకాలం సీసంతోనే చేయబడినవి. సీసం విషపదార్థం, ఎదిగే పిల్లల మెదడుకు మరింత హాని. ఐరోపా దేశాల కూటమి కార్ల చక్రాలకు సీసపు బరువులను 2005 జులై నుండి నిషేధించినది. అక్కడ ఉక్కు, జింకు బరువులు వాడుతున్నారు. మన షెడ్లలో పీకిన పాత బరువులు ఒక డబ్బాలో పడి ఉండును. కుర్రవాడు వాటిని ఏరి, అదే చేత్తో టీ గ్లాసు పట్టును, అన్నం తినును. ఆ డబ్బాకు మూత ఉండవలెను. తినేముందు చేతులు సబ్బుతో కడుగవలెను; పెట్రోలుతో తుడుచుట కడుగుట కాదు. పాత బరువులను పొయ్యి మీద కరగించి కొత్తవి పోసే పనిని ఇంటివద్ద, పిల్లలు ఉన్నచోట, ఎంతమాత్రం చేయరాదు. చక్రం బిగించినపుడు నట్లను ఒకదాని తరువాత ఒకటి చుట్టూ గాక, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, 50 కిలోమీటర్లు నడిచిన తరువాత వీల్ పానాతో మరొకసారి చూడవలెను. తెనాలిలో బిగించిన చక్రానికి ఆ పరీక్ష రేపల్లె దాటి పెనుమూడి వంతెన ఎక్కకముందే జరిగిపోతే మంచిది.